పులి దారిలో పత్తి ఏరే ఆడవాళ్లు

(గోదావరిఖనిలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం 'స్త్రీలు - పర్యావరణం'. ఈ పేరు కింద ఏదైనా చెప్పొచ్చు. స్త్రీ ప్రకృతికి దగ్గర, స్త్రీయే భూమాత అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడొచ్చు. నాకు ఆ ధోరణి మీద నమ్మకం లేదు. కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని రెండు కోసులు నడిచొచ్చే మనిషిని పట్టుకుని నువ్వు ప్రకృతికి ఎంత దగ్గరో అని పొగడటంలో ఏదో మోసం ఉందనిపిస్తుంది. అందుకని ఏడాదిన్నరగా నేను కొందరితో చేసిన సంభాషణల గురించే చెబుతాను. వాళ్లంతా ఏదో ఒక రకంగా అడవి జంతువులను కాపాడే పనిలో ఉన్నవాళ్లు. అటవీశాఖలో బీటు అధికారులున్నారు. పులి అడుగుల వెంట తిరిగే రోజుకూలీ ట్రాకర్లున్నారు. రాబందుల గూళ్లు లెక్కపెట్టే ఆదివాసీ యువకుడున్నాడు. పులుల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి ఉంది. ఎవరి పేరూ చెప్పను. అందరూ ఉద్యోగాలకు, కూలీకి ఆధారపడి బతుకుతున్నవాళ్లు, నన్ను నమ్మి మాట్లాడినవాళ్లు.

బొగ్గుబాయి ఊళ్లో కూర్చుని పులుల కథలేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మన రామగుండం స్టేషన్లో రైలెక్కితే మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్ దాటాక కాగజ్‌నగర్ వస్తుంది. ఆ పైన మహారాష్ట్ర, బల్లార్షా. ఈ రైలు దారికి పడమట కవ్వాల్ అడవి. దాన్ని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. నడిమి కోర్ ప్రాంతం సుమారు 892 చదరపు కిలోమీటర్లు, చుట్టూ బఫర్ ఇంకో 1123. ఉత్తరాన మహారాష్ట్రలో తాడోబా అడవి. అక్కడ పులులు పెరిగాయి. వయసొచ్చిన పులికి సొంత జాగా కావాలి గనుక అది నది దాటి ఇటు వస్తుంది. వచ్చినది కవ్వాల్ దాకా పోవాలంటే రైలు పట్టాలు, జాతీయ రహదారి, బొగ్గు గనులు, పత్తి చేలు దాటాలి. ఎక్కువ పులులు దాటటం లేదు, కాగజ్‌నగర్, బెజ్జూరు, పెంచికల్‌పేట అడవుల్లో ఆగిపోతున్నాయి. అధికారులు ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి 2016లో ఆ ప్రాంతంలోనే పిల్లలను కన్నది. అంటే పులుల కోసమని కాగితం మీద గీసిన అడవి ఒకచోట ఉంది, పులులు ఇంకోచోట ఉన్నాయి. ఆ ఇంకోచోట మనుషులు వ్యవసాయం చేసుకుంటున్నారు.

ఇంకా దగ్గర కావాలంటే మన గోదావరి వెంటే కిందికి పొండి. జైపూర్ మండలానికీ మంథనికీ నడుమ శివ్వారం మొసళ్ల అభయారణ్యం 1978 నుంచీ ఉంది. చెన్నూరు వైపు కృష్ణజింకల కోసం 1980లో ప్రకటించిన ప్రాణహిత అభయారణ్యం ఉంది. మన కార్మికవాడల్లో ఎంతమందిని అడిగినా ఈ రెండూ తెలియవన్నారు. పులి మాత్రం అందరికీ తెలుసు. మట్టికుప్పల మీద పులి అడుగులు అని ఏడాదికోసారి పత్రికల్లో వస్తుంది, రెండో షిఫ్టు నుంచి వచ్చేవాళ్ల గురించి ఇంట్లో ఆడవాళ్లు భయపడతారు, పది రోజులకు మరిచిపోతారు.

నన్ను ఈ సంభాషణల్లోకి దింపినవి కొన్ని చావులు. 2020 నవంబర్ 11న దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ణి పులి చంపింది. అదే నెల 29న పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి ఏరుతున్న ఒక చిన్న వయసు అమ్మాయిని చంపింది. సరిగ్గా నాలుగేళ్లకు, 2024 నవంబర్ 29న, కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి చేలో మరొక యువతి చనిపోయింది. మర్నాడు సిర్పూర్ మండలం దుబ్బగూడలో ఒక రైతు మీద పడింది. పక్కనే ఉన్న భార్య కేకలు పెట్టడం వల్ల ఆయన బతికాడని పత్రికలు రాశాయి. ఈ నాలుగూ నవంబర్ నెలవే. నవంబర్ అంటే పత్తి తీత. చేలో నడుము దాకా పత్తి చెట్టు, అందులో వంగి ఉన్న మనిషి.

పరిశోధన చేసే అమ్మాయిని నేను మొదట అడిగిన ప్రశ్న ఇదే. ఆడవాళ్లనే ఎందుకు పట్టుకుంటోంది? ఆమె వెంటనే సరిదిద్దింది. "అది ఆడవాళ్లని చూసి పట్టుకోదక్కా. వంగిన ఆకారాన్ని చూసి పట్టుకుంటుంది. నిలబడ్డ మనిషి పులికి తిండిలాగ కనపడడు. వంగితే నాలుగు కాళ్ల జంతువనుకుంటుంది, వెనక నుంచి వస్తుంది." సరే, మరి చేలో వంగే పని ఎవరిది? పత్తి తీయటం, కలుపు తీయటం, నాటు వేయటం, కట్టెలు ఏరటం, ఇప్పపువ్వు ఏరటం. అరక దున్నేవాడు నిలబడి దున్నుతాడు. మందు కొట్టేవాడు నిలబడి కొడతాడు. ఈ సంగతి పులికి తెలియదు. మన సమాజం పనిని ఎట్లా పంచిందో దాన్ని బట్టే ప్రమాదం కూడా పంచబడింది. ఆమె కాసేపు ఆలోచించి, "మా పుస్తకాల్లో దీన్ని ఇట్లా రాయరు" అన్నది.

2024లో ఆ చావు తర్వాత అటవీశాఖ చాలా హడావుడి చేసింది. చుట్టుపక్కల ఊళ్లలో నిషేధాజ్ఞలు పెట్టారు. పొద్దున పది గంటల తర్వాతే చేలకు పోవాలని, సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికి చేరాలని చాటింపు వేశారు. తల వెనక పెట్టుకోవటానికి మనిషి మొహం బొమ్మ ఉన్న మాస్కులు పంచారు. బెంగాల్ సుందర్‌బన్ అడవుల్లో 1980ల చివర్లో ఈ పద్ధతి మొదలైంది. పులి వెనక నుంచి వస్తుంది గనుక వెనక కూడా మొహం ఉంటే వెనుకాడుతుందని. మంచి ఉద్దేశమే. నేను కాగజ్‌నగర్ వైపు ఒక ఊళ్లో పత్తి తీసే కూలీలతో కూర్చున్నప్పుడు ఒక పెద్దవ్వ ఆ మాస్కు తెచ్చి చూపించింది. పెట్టుకుని, చేలో ఎట్లా వంగుతారో అట్లా వంగి, అడిగింది. "చూడు బిడ్డా, నేను వంగితె ఈ బొమ్మ ఎటు చూస్తాంది? ఆకాశం దిక్కు చూస్తాంది. పులి ఆకాశంలకెల్లి వస్తదా?" అందరూ పగలబడి నవ్వారు. సుందర్‌బన్‌లో తేనె తీసేవాడు, చేపలు పట్టేవాడు నడుస్తూ పోతాడు. పత్తి తీసే మనిషి వంగి ఉంటుంది. మాస్కు పంచే ముందు ఆ ఊళ్లో ఒక్క ఆడమనిషిని వంగి చూపించమని అడిగి ఉంటే తెలిసేది.

పది నుంచి నాలుగు అనే లెక్కలో ఇంకా పెద్ద సమస్య ఉంది. పత్తి తీతకు కూలి కిలో లెక్కన ఇస్తారు, రోజు లెక్కన కాదు. తెల్లవారుజామున మంచు ఉండగా పోతే రెండు లాభాలు. ఆకు మెత్తగా ఉంటుంది గనుక పొడై పత్తికి అంటదు. పత్తి తడిగా ఉంటుంది గనుక తూకం కాస్త నిలుస్తుంది. ఎండెక్కాక ఆకు పెళుసెక్కి చెత్త అంటుతుంది, ఆసామి గొణుగుతాడు, నీళ్లు తాగుతూ ఆగుతూ తీయాల్సి వస్తుంది. పొద్దున మూడు గంటల పని పోతే రోజు కూలిలో సగం పోయినట్టేనని వాళ్లు లెక్క చెప్పారు. పులి సంరక్షణకు అయ్యే ఖర్చు కేంద్రం ఇంత, రాష్ట్రం ఇంత అని రాస్తారు కదా. ఈ సగం కూలి ఆ లెక్కల్లో ఎక్కడా ఉండదు. నేను కలిసిన ఒక అధికారితో ఈ మాట అన్నాను. ఆయన మంచివాడు, వాదించలేదు. "ప్రాణం పోతే ఎక్స్‌గ్రేషియా ఉంది, పశువు పోతే ఉంది, పంట పోతే ఉంది. కూలి పోతే ఇచ్చే పద్దు మాకు లేదమ్మా" అన్నాడు.

ఉన్న పద్దుల సంగతీ చూద్దాం. మనిషి చనిపోతే 2020లో ఐదు లక్షలు, 2024లో పది లక్షలు ఇచ్చారు. చనిపోయినది పెళ్లయిన స్త్రీ అయితే డబ్బు భర్తకు చేరుతుంది. ఆమె తల్లి, ఆమె పిల్లలు ఆ తర్వాత ఎట్లా ఉన్నారని ఎవరూ తిరిగి చూడరు. పశువు పోతే దరఖాస్తు మగవాడి పేరు మీద ఉంటుంది, మేపేది ఎవరైనా సరే. పంట పోతే పట్టా కాగితం చూపమంటారు. కౌలు చేసే ఒంటరి స్త్రీకి, పట్టా రాని పోడు భూమి సాగు చేసుకునే ఆదివాసీ స్త్రీకి పందులు చేనంతా తొక్కినా ఒక్క రూపాయి రాదు. పట్టా లేదు, కాబట్టి పంట లేదు, కాబట్టి నష్టం లేదు. పందులు మాత్రం ఉన్నాయి. మన ఓపెన్‌కాస్టుల చుట్టూ మిగిలిన ఊళ్లలోనూ ఈ గోస వింటున్నాం. గుట్టలు, తుప్పలు తవ్వేసినప్పుడు పందులు, కోతులు వచ్చి మక్కచేలల్లో పడతాయి.

పందుల కోసం పెట్టే కరెంటు తీగల గురించి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. చేను కాపాడుకోవటానికి కొందరు, మాంసం అమ్ముకోవటానికి కొందరు తీగలు పెడతారు. 2019 జనవరిలో మందమర్రిలో పులి చర్మం పట్టుబడింది. ఆ పులి శివ్వారం అడవిలో కరెంటు తీగలకే చచ్చింది. నడుముకు ఉచ్చు బిగుసుకుపోయి ఏళ్ల తరబడి తిరిగిన ఆడపులి కథ చెన్నూరు వైపు అందరికీ తెలుసు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగాం అడవిలో రెండు పులులు చనిపోతే విషం పెట్టారని కేసయ్యి అరెస్టులు జరిగాయి. తన పశువును చంపితే కోపం రాకుండా ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, కానీ విషం పెట్టిన కళేబరం పులితో ఆగదు. నక్క తింటుంది, కుక్క తింటుంది, రాబందు తింటుంది. తీగ మీద మనిషి కూడా పడతాడు. తీగ పెట్టినవాణ్ణి పోలీసులు తీసుకుపోయాక ఆ ఇల్లు, కోర్టు వాయిదాలు, లాయరు ఫీజు ఎవరి నెత్తిన పడతాయో మీకు చెప్పనక్కర్లేదు.

రాబందులన్నాను గదా. బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోట, పాలరాపు అనే గుట్ట ఉంది. నిట్టనిలువు రాతి గోడ. ఆ గోడ అరల్లో పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో కనిపెట్టారు. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో ఉంటే రాబందుల మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. దేశమంతటా ఆ మందుతోనే రాబందులు తుడిచిపెట్టుకుపోయాయని తేలాక 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. అక్కడ కాపలా పనిచేసే యువకుడు ఒక్కో గూటికి ఒక్కో నంబరు పెట్టుకున్నాడు. ఏ గూట్లో ఎప్పుడు గుడ్డు పెట్టింది, పిల్ల ఎప్పుడు ఎగిరింది, ఏది పడి చచ్చింది, అన్నీ నోటికి చెబుతాడు. పెద్ద పెద్ద సార్లు వచ్చి ఇతని దగ్గరే రాసుకుపోతారు. జీతం మాత్రం నెల నెలా రాదు. నేను పోయినప్పటికి నాలుగు నెలలు బాకీ. అతని భార్య నవ్వుతూనే అన్నది: "ఈయన రాబందులకు కాపలా, నేను ఇంటికి కాపలా. రాబందులకు సర్కారోళ్లు సచ్చిన బర్రెను దెచ్చి ఏస్తరు. మాకు ఎవలేస్తరు?" నాలుగు నెలలు ఆ ఇల్లు నడిచింది ఆమె కూలి మీద, స్వయం సహాయక బృందంలో తెచ్చిన అప్పు మీద. ఆ లెక్కన పాలరాపు రాబందులను పోషిస్తున్నవాళ్లలో మన డ్వాక్రా సంఘం కూడా ఒకటి.

పులి ట్రాకర్ల పరిస్థితీ అంతే. వీళ్లలో ఎక్కువమంది గోండులు, కొలాములు. అడవి తెలిసినవాళ్లని పెట్టుకుంటారు, అడవి మీద హక్కు అడిగితే అదే శాఖ అడ్డం నిలబడుతుంది. ఒక ట్రాకరుని కెమెరాల గురించి అడిగాను. పులి తిరిగే దారుల్లో చెట్లకు కెమెరాలు కడతారు, ఎదుట ఏది కదిలినా బొమ్మ పడుతుంది. దేశంలో నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణన ఇట్లాగే జరుగుతుంది. 2006లో 1411 అన్నది 2022కు సగటున 3682 అయింది. "పులి బొమ్మ ఒక్కటి పడేలోపల మనుషులవి వందలు పడతయి" అన్నాడు. ఎవరివి? కట్టెలకు పోయేవాళ్లవి, ఆకుకు పోయేవాళ్లవి, చెంబు పట్టుకుని పోయేవాళ్లవి. ఎక్కువ ఆడవాళ్లవే. ఆ బొమ్మలు ఎవరు చూస్తారు, ఎవరు చెరిపేస్తారు అంటే అతనికి తెలియదు. ఉత్తరాన కార్బెట్ అడవిలో ఇదే విషయం మీద జరిగిన పరిశోధన 2024లో అచ్చయింది. కెమెరాలు ఆడవాళ్ల మీద నిఘాగా మారాయని, కెమెరా భయానికి అడవిలో పాడుకోవటం, బిగ్గరగా మాట్లాడుకోవటం మానేశారని అందులో తేలింది. గుంపుగా మాట్లాడుకుంటూ, పాడుకుంటూ పోతేనే జంతువులు దూరంగా తప్పుకుంటాయి. ఆ చప్పుడే వాళ్లకు రక్షణ. జంతువు కోసం పెట్టిన కెమెరా ఆ రక్షణ తీసేసింది. మన దగ్గర ఇట్లా జరిగిందని నేను చెప్పటం లేదు. ఎవరైనా అడిగారా అంటున్నాను.

ఇప్పుడు ఒక మహిళా బీటు అధికారి గురించి. ఈమెతో నేను మూడుసార్లు మాట్లాడాను, ఒక్కోసారి గంటలకొద్దీ. డిగ్రీ చదివి, పరీక్ష రాసి, పరుగుపందెంలో నెగ్గి ఉద్యోగం తెచ్చుకున్నది. తండ్రి మన బొగ్గుబాయిలోనే కోల్ ఫిల్లరు. "మా నాన్న భూమి కింద చేసిండు, నేను అడవిల చేస్తున్న, ఇద్దరం చీకట్లనే" అంటుంది. ఆమె బీటు వేల ఎకరాలు. చేతిలో లాఠీ, సెల్‌ఫోను. సిగ్నలు ఉండదు. రాత్రి గస్తీకి ఇంకొక మగ ఉద్యోగితో పోతే ఊళ్లో ఒక మాట, ఇంట్లో ఒక మాట. పోకపోతే ఆడవాళ్లకు ఉద్యోగాలెందుకిచ్చారని ఆఫీసులో మాట. బేస్ క్యాంపులో మరుగుదొడ్డి లేదు. నెలసరి రోజుల్లో పది పన్నెండు కిలోమీటర్లు నడవాలి. గర్భంతో ఉన్నప్పుడు అయిదో నెల దాకా నడిచింది. నడవలేనని చెబితే 'పనికి రాదు' అని అంటారేమోనని చెప్పలేదు.

ఇదంతా మనకు తెలిసిన కథే, బస్సు కండక్టర్ల నుంచి పోలీసుల దాకా విన్నాం. నన్ను ఆపింది వేరే మాట. "మేడం, పోడు కొట్టేటోళ్ల మీదికి పంపేటప్పుడు ఆడ సిబ్బందిని ముందు నిలబెడతరు. ఎదుట కూడ ఆడోళ్లనే ముందు నిలబెడతరు. జుట్లు పట్టుకునేది మేమూ వాళ్లే. ఎనక నిలబడేది మగోళ్లు, రెండు దిక్కుల" అన్నది.

2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం కొత్తసార్సాలలో మొక్కలు నాటించటానికి పోయిన ఒక మహిళా రేంజి అధికారిని గుంపు కర్రలతో కొట్టింది మీకు గుర్తుండే ఉంటుంది. దేశమంతా టీవీల్లో చూసింది. కొట్టినవాళ్లను సమర్థించే ప్రశ్నే లేదు. అయితే ఆ మొక్కలు ఎందుకు నాటుతున్నారు? కాళేశ్వరం ప్రాజెక్టు కింద పోయిన అడవికి బదులుగా అని అప్పటి పత్రికలే రాశాయి. ఒకచోట ప్రాజెక్టుకు అడవి ఇచ్చేస్తారు, దాని బదులు ఇంకోచోట జనం దున్నుకునే నేల మీద మొక్కలు నాటమని ఒక ఆడమనిషిని పంపిస్తారు. దెబ్బలు ఆమె తింటుంది. దానికి పద్దెనిమిది రోజుల ముందు, జూన్ 12న, అదే కాగజ్‌నగర్ అడవుల్లో కొలాంగొంది నుంచి పదహారు కొలాం కుటుంబాలను, 67 మందిని, ఇళ్లు కూలగొట్టి తెచ్చి కలప డిపోలో పెట్టారు. హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. రెండో వార్త టీవీల్లో అంతగా రాలేదు.

మళ్లీ 2022. దండేపల్లి మండలం కోయపోచగూడలో, కవ్వాల్ పరిధిలో, పోడు భూమిలో గుడిసెలు వేసుకున్నారని జూన్‌లో పన్నెండు మంది ఆదివాసీ స్త్రీలను జైలుకు పంపారు. జూలైలో గుడిసెలు పీకేశారు, అడ్డుపడ్డ ఆడవాళ్లను ఈడ్చారు. పన్నెండు మంది, పన్నెండు ఇళ్లు. పులి కోసమని చెప్పారు. ఆ బీటు అధికారి ఈ సంగతి ఎత్తినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

పరిశోధన చేసే అమ్మాయిని బొగ్గు గురించి అడిగాను. నిజానికి ఆ ప్రశ్న అడగటానికే రెండోసారి పోయాను. బల్ల మీద పటం పరిచి చూపించింది. కవ్వాల్‌కూ తాడోబాకూ నడుమ ఆకుపచ్చ మచ్చలు. వాటిని కోస్తూ కాజీపేట-బల్లార్షా రైలు మార్గం, పక్కన కొత్త లైన్లు, నాలుగు వరుసల రోడ్డు, కాలువలు, ఓపెన్‌కాస్టులు. "పులి దారికి పెద్ద అడ్డంకి ఏది?" అన్నాను. వేలు పెట్టి చూపించింది గానీ నోటితో చెప్పలేదు. తర్వాత అన్నది: "రోడ్డు కింద నుంచి జంతువులు పోవటానికి దారులు కట్టించమని మేం రాయగలం. కొన్నిసార్లు కడతారు. గని వద్దని రాస్తే మా రిపోర్టు ఎవరూ తీసుకోరు. ఊరు ఖాళీ చేయించమంటే మాత్రం వెంటనే తీసుకుంటారు."

నేను బొగ్గుకు వ్యతిరేకంగా ఉపన్యాసం ఇవ్వటానికి రాలేదు. ఇక్కడ కూర్చున్న సగం మంది ఇళ్లలో పొయ్యి వెలిగింది బొగ్గు జీతంతోనే. కానీ ఓపెన్‌కాస్టు కింద ఊళ్లు పోయినవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. గనికి అడవి కావలసినప్పుడు పులి పేరు ఎవరూ ఎత్తరు, పోడు చేసుకునే మనిషి మీదికి పోయేటప్పుడు మొదట పులి పేరే వస్తుంది. ఈ తేడాను ఆ అమ్మాయి ఒప్పుకున్నది, బీటు అధికారి ఒప్పుకున్నది, పెద్ద అధికారి కూడా కాదనలేదు. వీళ్లలో ఎవరూ ఆదివాసీల శత్రువులు కారు. పులి బతకాలని నిజంగా కోరుకునేవాళ్లు. నేనూ కోరుకుంటున్నాను. మనం మాట్లాడవలసింది ఖర్చు ఎవరు మోస్తున్నారన్నది.

ఊళ్లు తరలించటం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మన సంఘాలు చేయగలిగిన పని ఉంది. కవ్వాల్ కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ అనే రెండు ఊళ్లను 2024లో కడెం మండలం మద్దిపడగకు తరలించారు. మొత్తం 142 కుటుంబాలు. కొందరు 15 లక్షల రూపాయలు తీసుకున్నారు, ఎక్కువమంది ఇల్లు, భూమి తీసుకున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం పులుల అభయారణ్యం నుంచి తరలింపు ప్రజల ఇష్టంతోనే జరగాలి. అటవీ హక్కుల చట్టం కింద ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. మరి ఈ 'కుటుంబం' అంటే ఏది? జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాల్లో అది రాసి ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన కొడుకు, పెళ్లయినా కాకపోయినా, వేరే కుటుంబం. పద్దెనిమిదేళ్లు నిండిన పెళ్లికాని కూతురు లేక చెల్లెలు వేరే కుటుంబం. వితంతువు, విడాకులు పొందిన స్త్రీ వేరే కుటుంబం. వికలాంగులు ఏ వయసువారైనా, స్త్రీ అయినా పురుషుడైనా, వేరే కుటుంబం. తల్లీతండ్రీ లేని పిల్లలు కూడా.

ఈ జాబితాను నేను ఎన్ని ఊళ్లలో చదివి వినిపించానో, అన్నిచోట్లా ఆడవాళ్లు మళ్లీ చదవమన్నారు. పెళ్లికాని కూతురికి విడిగా వస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కొడుకుల పేర్లు ఇంటింటికీ వచ్చి రాసుకుపోతారు. ఇందులో లోపం లేదని కాదు. కాగితాల మీద విడాకులు లేకుండా మొగుడు వదిలేసిన స్త్రీ ఇందులో లేదు. మన కార్మికవాడల్లోనూ, గూడేల్లోనూ అటువంటివాళ్లే ఎక్కువ. పెళ్లయి పుట్టింట్లోనే ఉండే కూతురు కూడా లేదు. వీళ్ల పేర్లు గ్రామసభ తీర్మానంలో పెట్టించగలిగితే కనీసం వాదించటానికి ఒక ఆధారం ఉంటుంది.

అటవీ హక్కుల చట్టం 2006 మనకు ఇంకో రెండు ఇచ్చింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి, ఒంటరి స్త్రీ అయితే ఆమె పేరు మీదే. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. అదే చట్టం అయిదో సెక్షన్ అడవినీ, జంతువులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తుంది. అంటే వన్యప్రాణి సంరక్షణ అటవీశాఖ ఒక్కదాని పని కాదు, చట్టప్రకారం మన పని కూడా. ఈ మాట బీటు అధికారితో అంటే ఆమె నవ్వింది. "మీరు కాపాడతమంటే నాకు రాత్రి గస్తీ తప్పుతది గద" అన్నది.

2025 మే 30న ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. కుమురం భీం జిల్లాలో సుమారు లక్షా నలభై తొమ్మిది వేల హెక్టార్లను పులుల కారిడార్ కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. ఆదివాసీ సంఘాలు బంద్‌లు చేశాయి, ఊరూరా స్త్రీలు బయటికి వచ్చారు, జూలైలో జీవోను నిలిపివేశారు. ఆ ఉత్తర్వు చెప్పింది నిలుపుదల అని, రద్దు అని కాదు. మాకేమీ ఇబ్బంది ఉండదని, హక్కులు పోవని జీవో ఇచ్చినవాళ్లు అన్నారు. కవ్వాల్ ప్రకటించినప్పుడూ అట్లాగే అన్నారని జన్నారం వైపు ఒక గోండు స్త్రీ నాతో చెప్పింది. ఆ తర్వాత తునికాకు కోత ఆగిపోయింది. ఎండాకాలం నెలరోజులు ఆకు కోస్తే వచ్చే డబ్బు ఆడవాళ్ల చేతికి నేరుగా వచ్చేది, దానితోనే పిల్లల బట్టలు, విత్తనాలు. "పులిని మేము ఎన్నడు కాదనలేదు. మా దేవుళ్లల్ల పులి ఉన్నది. మా ఆకు మీద పులికేం పని?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. అటవీశాఖవాళ్ల దగ్గర ఉంది. ఆకు కోసేవాళ్లు కొత్త చిగుళ్ల కోసం అడవికి నిప్పు పెడతారని, జనం రాకపోకల వల్ల జంతువులు బెదురుతాయని వాళ్లంటారు. నిప్పు మాట నిజమే, కొందరు పెడతారు. అది ఆపటానికి కోతే ఆపాలా, కోసే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడితే కాదా అన్నది నా ప్రశ్న.

సమయం అయిపోతోంది. చేయవలసినవాటి గురించి రెండు మాటలు. నవంబర్ లోపల పత్తి తీత ఊళ్లకు మనం పోవాలి. పది నుంచి నాలుగు అనే ఆంక్ష పెట్టే రోజుల్లో పోయిన కూలికి పరిహారం ఇవ్వాలనే వినతిపత్రం కలెక్టరుకూ అటవీ అధికారికీ ఇవ్వాలి. పద్దు లేదంటే పద్దు పెట్టమనాలి. ఆ వినతి మీద బీటుల్లో పనిచేసే స్త్రీల డిమాండ్లు కూడా చేర్చాలని నా ప్రతిపాదన: క్యాంపుల్లో మరుగుదొడ్లు, గర్భిణులకు గస్తీ మినహాయింపు, ట్రాకర్లకు నెలనెలా జీతం. ఇందులో కొందరు మిత్రులకు అభ్యంతరం ఉందని తెలుసు, కోయపోచగూడలో మన ఆడవాళ్లను ఈడ్చినవాళ్ల కోసం మనమెందుకు అడగాలని. మధ్యాహ్నం చర్చలో దాని గురించి తేల్చుకుందాం.

జాబితా కాగితాలు, పంట నష్టం దరఖాస్తు నమూనా వంద ప్రతులు తెచ్చాను. తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఊరికి రెండు చొప్పున తీసుకోండి, ఒకటి గ్రామసభ రిజిస్టరుకు అంటించాలి.